వల చూసేవాడు

ఒకప్పుడు ఒక పెద్ద సర్కస్ ఉండేది. దాని పేరుతో మనకి పని లేదు.

ఆ సర్కస్ ఊళ్ళోకి వస్తోందంటే ముందుగా రైల్వే స్టేషన్ నుంచి మైదానం దాకా ఏనుగులు నడిచి వెళ్ళేవి. ఆ నడకే పెద్ద ప్రచారం. వెనకే మైకు కట్టిన జీపు వీధివీధీ తిరిగేది. చీకటి పడ్డాక డేరా మీంచి ఆకాశంలోకి తిప్పే లైటు చుట్టుపక్కల పల్లెలన్నిటికీ కనబడేది. రోజుకి మూడు ఆటలు. పండగ రోజుల్లో నేల టికెట్ దొరకడమే గగనం.

కంపెనీలో మలయాళీలు ఎక్కువ. దానికో చరిత్ర ఉంది. మన దేశంలో మొదటి సర్కస్ కంపెనీని 1880లో మహారాష్ట్రకి చెందిన విష్ణుపంత్ ఛత్రే పెట్టాడు. కేరళలోని తలశ్శేరిలో వ్యాయామ విద్య నేర్పే కీలేరి కుంజిక్కణ్ణన్ 1901లో అక్కడి చిరక్కరలో సర్కస్ బడి తెరిచాడు. ఆ బడిలో తయారైనవాళ్ళూ, వాళ్ళ శిష్యులూ దేశమంతా కంపెనీలు పెట్టారు. మన కథలోని సర్కస్ ఓనరూ ఆ పరంపరలోవాడే. వాళ్ళతో పాటు నేపాల్ నుంచి వచ్చిన కుటుంబాలు, బెంగాల్ వాళ్ళు, బీహార్ వాళ్ళు. డేరా వెనక క్యాంపులో అన్ని భాషలూ కలగలిసిన ఒక హిందీ నడిచేది.

ఓ ఏడాది ఆ సర్కస్ శ్రీకాకుళం వచ్చింది. ఆ ప్రాంతం వాళ్ళకి సర్కస్ కొత్త కాదు. వీరఘట్టంలో పుట్టిన కోడి రామ్మూర్తి నాయుడు ఛాతీ మీదికి ఏనుగుని ఎక్కించుకున్నాడనీ, ఉక్కు గొలుసులు తెంచాడనీ, కదిలే కార్లు ఆపాడనీ, విజయనగరం కేంద్రంగా సొంత కంపెనీ నడిపాడనీ తాతలు మనవలకి చెప్పుకునే చోటు అది. జనం విరగబడి వచ్చారు.

ఆ జనంలో కళింగపట్నం దగ్గరి మత్స్యకారుల పల్లె నుంచి వచ్చిన కుర్రవాడొకడు ఉన్నాడు. అప్పటికి ఇరవై నిండలేదు. అతనికి సముద్రమంటే భయం లేదు. మనుషులంటే బిడియం. ఎదుటివాళ్ళ కళ్ళలోకి చూస్తే గొంతు పట్టేసేది. పెళ్ళి పంక్తిలో కూర కావాలని అడగలేక ఉత్తన్నం తిని లేచిన మనిషి. ముఖాలు చూడలేడు కాబట్టి చేతులు చూసేవాడు. తండ్రి వల బాగుచేస్తుంటే పక్కన కూచుని, ఒక్క ప్రశ్న అడక్కుండా, ఆ వేళ్ళని చూసి ముడులన్నీ నేర్చుకున్నాడు.

ఆ సాయంత్రం ఊయలాట మొదలయ్యేసరికి డేరాలో తలలన్నీ పైకి లేచాయి. అతని చూపు మాత్రం కింద కట్టిన వల మీదే ఉంది. ఆట అయ్యాక వల దించి మడతపెడుతుంటే గ్యాలరీ దిగి దగ్గరగా వెళ్ళి చూశాడు. ఒక చోట చిరుగుని ఎవరో చేతికొచ్చినట్టు కట్టి వదిలేశారు. ఆ ముడి బరువు పడితే జారుతుంది. చెబుదామని నోరు తెరిచాడు. మాట రాలేదు. ఇంటికి పోయాడు గానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మర్నాడు పొద్దున్నే వల అల్లే కర్ర సూది, నైలాన్ తాడు పట్టుకుని మళ్ళీ వచ్చాడు. మైదానంలో వల ఆరబెట్టి ఉంది. ఎవర్నీ అడక్కుండా దాని పక్కన గొంతుక్కూచుని ఆ తప్పు ముడి విప్పి కొత్తగా అల్లడం మొదలుపెట్టాడు. ఊయల మీద తలకిందులుగా వేలాడి ఎగిరేవాళ్ళని చేతులతో అందుకునే పెద్దాయన ఒకడు కంపెనీలో ఉండేవాడు. అందరూ మాస్టర్ అనేవారు. ఆయన ఈ కుర్రాణ్ణి చూసి హిందీలో ఏదో అడిగాడు. కుర్రాడికి అర్థం కాలేదు. పాత ముడి చూపించి, వేలితో లాగి, అది జారిపోవడం చూపించాడు. తను వేసిన ముడిని అలాగే లాగి చూపించాడు. అది కదల్లేదు.

మాస్టర్ వెళ్ళి మేనేజర్‌తో మాట్లాడి వచ్చాడు. అతనికి ఉద్యోగం దొరికింది.

ఇంట్లో తల్లికి మాత్రం బెంగ పట్టుకుంది. "ఆకలేస్తే నోరిప్పి అడుగుతావేట్రా?" అంది.

"సైగ సేస్తాన్లే అమ్మా" అన్నాడు.

క్యాంపులో అతని పేరు ఎవరూ అడగలేదు. "ఆంధ్రా" అని పిలిచారు. ఆ పేరే ఉండిపోయింది. అక్కడున్న వాళ్ళంతా ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్ళే. అయినా మలయాళీలకి మలయాళీలు ఉన్నారు, నేపాలీలకి నేపాలీలు. తెలుగు మాట్లాడేవాడు ఇతనొక్కడే. మెస్‌లో పళ్ళెం పట్టుకుని వెళ్ళి ఓ మూల కూచుని తినేవాడు. సాయంత్రం పేకాటకి రమ్మంటే తలూపి తప్పుకునేవాడు. గర్వం అనుకున్నవాళ్ళున్నారు, మందమతి అనుకున్నవాళ్ళున్నారు.

మాస్టర్ ఒక్కడే ఏమీ అనుకోకుండా, తనకి తెలిసిందంతా అతని ఎదుట చేసి చూపించాడు.

కొత్తవాళ్ళకి మాస్టర్ ముందుగా ఎగరడం నేర్పేవాడు కాదు, పడడం నేర్పేవాడు. చెయ్యి జారితే కాళ్ళ మీద దిగకూడదు, మడమలు విరుగుతాయి. బోర్లా పడకూడదు, మెడ పోతుంది. గాల్లో ఉన్న ఆ క్షణంలోనే ఒళ్ళు తిప్పుకుని వెల్లకిలా, వీపు మీద పడాలి. చేతులు దగ్గరికి ముడుచుకోవాలి. వేలు గనక వల కన్నులో ఇరుక్కుంటే అంతే సంగతులు. ఎన్ని నెలలైనా ఇదే సాధన. "పడడం రానివాడికి ఊయల ఇవ్వను" అనేవాడు.

పడడం ఎంత బాగా వచ్చినా వల సరిగా ఉంటేనే ప్రయోజనం. మరీ బిగించి కడితే వల మనిషిని మళ్ళీ ఎగరేసి పక్కకి విసిరేస్తుంది. వదిలేసి కడితే మనిషితో పాటు నేలదాకా దిగిపోతుంది. నూలు తాళ్ళూ, జనప తాళ్ళూ తడిస్తే బిగుసుకుంటాయి. నైలాన్ తడిస్తే సాగుతుంది. ఏళ్ళ తరబడి ఎండ తిన్న నైలాన్ పైకి బాగానే ఉన్నట్టు కనబడుతుంది గానీ లోపల పెళుసెక్కి ఉంటుంది. అందుకని అర్ధరాత్రి చినుకు పడితే క్యాంపులో ముందు లేచేది అతనే. డేరా మోకులు వదులు చేసి, పొద్దున ఎండెక్కాక మళ్ళీ బిగించేవాడు.

చెప్పడం చేతకాని మనిషి చెప్పడానికో దారి కనిపెట్టుకున్నాడు. వలలో బాగుచేసిన ప్రతి కన్నుకీ ఒక ఎర్ర దారం కట్టేవాడు. అదే చోట రెండోసారి తెగితే రెండు దారాలు. ఆ చోటు ఇక నమ్మడానికి వీల్లేదనుకుంటే మూడు. ఎవరికీ వివరించలేదు. కొన్నాళ్ళు గమనించి మాస్టరే ఆ లెక్క పట్టుకున్నాడు. ఎగిరేవాళ్ళందర్నీ పిలిచి, "నిచ్చెన ఎక్కేముందు వల చుట్టూ ఒకసారి తిరగండి. దారాలు చూడండి. రెండుంటే నన్ను పిలవండి. మూడుంటే ఆ రోజు ఎక్కకండి" అని చెప్పాడు. అది అలవాటైపోయింది. ఎగిరేవాళ్ళలో నేపాలీ అమ్మాయి ఒకతె అతన్ని "దాయ్" అనేది. అన్నయ్య అని. ఆమెకి పెళ్ళయి, కూతురు పుట్టి, ఆ పిల్ల క్యాంపులోనే మాటలు నేర్చి "మామా" అని పిలవడం మొదలుపెట్టాక అతను మొదటిసారి మెస్‌లో మూల వదిలి వాళ్ళ పక్కన కూచుని తిన్నాడు.

అలా కాలం గడిచింది. గడుస్తూ గడుస్తూ ఎదురు తిరిగింది.

ముందు ఇళ్ళల్లోకి టీవీ వచ్చింది. 1998లో కేంద్ర ప్రభుత్వం ఎలుగుబంట్లు, కోతులు, పులులు, చిరుతలు, సింహాలతో ఆటలు ఆడించకూడదని ఉత్తర్వు తెచ్చింది. సర్కస్ యజమానులు కోర్టుకి వెళ్ళారు. 2001లో సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వునే సమర్థించింది. దేశంలోని సర్కసుల నుంచి తీసుకున్న సింహాల్నీ, పులుల్నీ రక్షణ కేంద్రాలకి తరలించారు. మన విశాఖపట్నం, తిరుపతి జూలలోనూ అలాంటి కేంద్రాలు వెలిశాయి. బోనులో అటు నాలుగడుగులు, ఇటు నాలుగడుగులు తిరిగే సింహాన్ని ఏళ్ళ తరబడి చూసినవాడు కాబట్టి, ఆ తీర్పు అన్యాయమని మన కుర్రాడికి అనిపించలేదు. కానీ టికెట్ కిటికీ దగ్గర వరస సగమైంది.

2011లో సుప్రీంకోర్టు పిల్లల్ని సర్కసుల్లో పనికి పెట్టకూడదని తేల్చింది. అదీ న్యాయమే. అయితే చిన్నప్పట్నుంచీ ఒళ్ళు వంచి నేర్పే పద్ధతి మీదే బతికిన కంపెనీలకి కొత్తగా ఎగిరేవాళ్ళు రావడం మానేశారు. ఊరి మధ్య ఖాళీ మైదానాలు దుకాణాల సముదాయాలయ్యాయి. మిగిలిన చోట్ల అద్దెలు పెరిగాయి. జనరేటర్‌కి డీజిల్, లారీలకి డీజిల్. చేతిలోకి ఫోన్ వచ్చాక గాల్లో మూడు పల్టీలు కొట్టే మనిషిని జనం పడుకునే చూడగలుగుతున్నారు. మూడు ఆటలు రెండయ్యాయి. మామూలు రోజుల్లో రెండోది కూడా ఖాళీ గ్యాలరీకే ఆడేవారు.

మాస్టర్‌కి కళ్ళు ఆనడం మానేశాయి. ఒకరోజు పెట్టె సర్దుకుని తలశ్శేరి బయల్దేరాడు. దారాల భాష కూడా ఆయనతో పాటే రైలెక్కింది. అది తెలిసిన పాతవాళ్ళలో చాలామంది ఒక్కొక్కరే వెళ్ళిపోయారు.

ఖర్చులు తగ్గించుకోవాలని ఓనరు, కొత్తగా వచ్చిన మేనేజరు కూచుని లెక్కలు వేశారు. ముఖద్వారం మీది రంగు బల్బుల తోరణం తీసేద్దామా? వద్దు, అది చూసే జనం ఆగుతారు. పోస్టర్లు? అవి లేకపోతే ఊరికి తెలియదు. పూసల దుస్తులు? అవి ఆటకి కళ. అలా వేలు పెట్టి వెతగ్గా వెతగ్గా జనానికి కనబడని ఖర్చు ఒకటి దొరికింది. ఏటా కొనాల్సిన కొత్త వల ఆగిపోయింది. వల పనికి ఆరుగురుండేవారు, ఇద్దరు మిగిలారు. మన ఆంధ్రా వెళ్ళి, చిరిగిన వల ముక్క మేనేజర్ బల్ల మీద పెట్టి నిలబడ్డాడు.

మేనేజర్ నవ్వాడు. "టికెట్ కొన్నవాడు వల చూడ్డానికి వస్తాడా?" అన్నాడు.

ఆ మాటకి జవాబు ఉంది. అతని గొంతు దాటి బయటికి రాలేదు. తల దించుకుని వచ్చేశాడు. వల మీద ఎర్ర దారాలు పెరుగుతూ పోయాయి. దూరం నుంచి చూసి, అలంకారానికి కట్టారు కాబోలని కొత్తవాళ్ళు అనుకునేవారు.

ఆ తర్వాత మూడేళ్ళకి, దసరా రోజుల్లో, గోదావరి ఒడ్డున ఒక పట్నంలో డేరా వేశారు. మూడు రోజులు విడవకుండా వాన. నాలుగో రోజు ఆదివారం. తెరిపి ఇచ్చింది. ఎక్కడెక్కడి జనమో బయటికి వచ్చారు. ఎన్నో నెలల తర్వాత మొదటిసారి గ్యాలరీ నిండింది. ఓనరు తనే టికెట్ కిటికీ దగ్గర నిలబడి వరస చూసి మురిసిపోయాడు.

మధ్యాహ్నం వల ఎత్తుతూ అంచు మోకు మీద చెయ్యి పోనిచ్చిన ఆంధ్రాకి వేళ్ళ కింద ఒక పురి తెగి తగిలింది. వల నడిమధ్యన, రెండు దారాలున్న చోట, తడిసిన తాడు సాగి సన్నబడింది. మూడో దారం కట్టాడు. పక్కన మరో చోట కూడా మూడో దారం కట్టాడు. మేనేజర్ని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి చూపించాడు.

"హౌస్‌ఫుల్ రోజున నీ దారాలేంటి?" అని చెయ్యి విదిలించుకున్నాడు మేనేజర్.

ఆ సాయంత్రం ఎగరాల్సింది అతన్ని మామా అని పిలిచే పిల్ల. ఇప్పుడు పెద్దదైంది. తల్లి నేర్పిన విద్య. దారాల సంగతి చిన్నప్పుడు తల్లి చెప్పే ఉంటుంది గానీ, మేనేజర్ ఎక్కమన్నాడు, బ్యాండు మొదలైంది, లైట్లు వెలిగాయి. ఆ పిల్ల చేతులకి సుద్దపొడి రాసుకుంటోంది.

అప్పుడు అతను రింగులోకి నడిచాడు.

ఇన్నేళ్ళలో ఆట జరుగుతుండగా రింగు మధ్యకి రావడం అతనికి అదే మొదలు. జోకర్ చేతిలో మైకు ఉంది. అది తీసుకున్నాడు. జోకర్ ఇదేదో హాస్యం అనుకుని వదిలేశాడు. జనమూ అలాగే అనుకుని నవ్వారు. అతని కాళ్ళు వణికాయి. వాళ్ళ ముఖాల్లోకి చూడలేక, ఎప్పటిలాగే చేతులకేసి చూశాడు. వేరుశెనక్కాయల పొట్లాలు పట్టుకున్న చేతులు, పిల్లల్ని ఒళ్ళో అదిమి పట్టుకున్న చేతులు, చప్పట్లకి సిద్ధంగా ఉన్న చేతులు. క్యాంపులో ఇన్నేళ్ళుగా తన మాట తెలిసినవాళ్ళు ఒక్కరూ లేరు. ఎదురుగా గ్యాలరీ నిండా తన మాట తెలిసినవాళ్ళే ఉన్నారు.

"అమ్మా... అయ్యా..." అన్నాడు. కాసేపు ఆగాడు. "వల బాగులేదండి. పిల్ల పడితే ఆగదండి. ఈవేళ ఊయలాట లేదండి."

అంతే. మైకు జోకర్ చేతిలో పెట్టేశాడు.

డేరా నిశ్శబ్దమైపోయింది. వెనక వరసలో ఈలలు మొదలయ్యాయి. డబ్బులు తిరిగివ్వమని కొందరు కేకలేశారు. అంతలో ముందు వరసలోంచి ఒక ముసలావిడ లేచి, "ఊయలాట పోతే పోయిందిలే నాయనా, మిగతావి ఆడండి. పరాయి పిల్లయితే మాత్రం మా ఎదట పడి చస్తుంటే చూస్తామా?" అంది గట్టిగా. నవ్వులు వచ్చాయి, ఈలలు సద్దుమణిగాయి. కొంతమంది లేచి వెళ్ళిపోయారు. ఎక్కువమంది కూచున్నారు. సైకిలు ఆట, గొడుగు ఆట, జోకర్లు, మోటారు సైకిల్ గోళం... మిగతా ఆటంతా నడిచింది.

జనం వెళ్ళాక మేనేజర్ నిప్పులు కక్కాడు. ఇతను అబద్ధమాడాడని అందరి ముందూ రుజువు చేస్తానన్నాడు. ఆ పిల్ల బరువుకి సరిపడా ఇసుక నింపిన బస్తా ఊయల ఎత్తు నుంచి వదలమన్నాడు. బస్తా పడింది. వల ఆపింది. మేనేజర్ చుట్టూ చూసి నవ్వాడు. ఆంధ్రా ఏమీ అనలేదు. బస్తా మళ్ళీ పైకి ఎక్కించమని చేత్తో చూపించాడు. రెండోసారీ వల ఆపింది. మూడోసారి నడిమధ్యన పటపటా తెగింది. బస్తా నేలకి కొట్టుకుని పగిలి ఇసుక రింగంతా చిమ్మింది.

ఎవరూ మాట్లాడలేదు. ఆ పిల్ల తల్లి వచ్చి, తెగిన చోట వేలాడుతున్న మూడు ఎర్ర దారాలూ చేతిలోకి తీసుకుని ఓనరు ముందు పెట్టింది. వాటి అర్థం ఏమిటో ఆ రోజు ఓనరుకి విప్పి చెప్పింది ఆమే.

ఓనరు ఆ వారమే ముఖద్వారం మీది రంగు బల్బుల తోరణం అమ్మేశాడు. ఆ డబ్బుతో కొత్త వల వచ్చింది.

ఇక్కడితో సర్కస్ మళ్ళీ వెలిగిపోయిందంటే కథ బాగుండేది. అలా జరగలేదు. వల కొత్తదైనంత మాత్రాన గ్యాలరీ నిండదు. మరి కొన్నేళ్ళు ఈదుకొచ్చాక 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది. దేశంలో సర్కసులన్నీ ఎక్కడివక్కడ ఆగిపోయినట్టే ఇదీ ఒక పట్నం శివార్లలో ఆగిపోయింది. నెలలు గడిచాయి. ఇక ఆడలేమని ఓనరుకి తెలిసిపోయింది.

ఆ రోజు ఓనరు ముందుగా పిలిచింది మేనేజర్ని కాదు, ఆంధ్రాని. "ఎవరెవరు ఎలా ఉన్నారో నాకంటే నీకే తెలుసు. చెప్పు" అన్నాడు. అతను చెప్పాడు. తక్కువ మాటల్లోనే చెప్పాడు. పొట్టి జోకరుకి వెనక్కి వెళ్ళడానికి ఇల్లు లేదు. వంటవాడికి అప్పుంది, సిగ్గుపడి చెప్పడం లేదు. నేపాల్ కుటుంబాల్లో ఒక పిల్లకి నెలలు నిండుతున్నాయి. లారీ డ్రైవర్‌కి పాత జీతం రావాలి. ఇన్నేళ్ళూ మూల కూచుని పళ్ళేలు పట్టుకున్న చేతుల్ని చూసినవాడికి తెలియనిదేముంది?

ఓనరు లారీలు అమ్మాడు. జనరేటర్ అమ్మాడు. డేరా గుడ్డ అమ్మాడు. బాకీ జీతాలిచ్చాడు. సరిహద్దు దాటాల్సినవాళ్ళకి బండి మాట్లాడాడు. జోకర్ని తన ఊరికి తీసుకెళ్ళాడు. సర్కస్ పడిపోయింది. దాంతో పాటు ఎవరూ నేలకి కొట్టుకోలేదు.

మన మనిషి కళింగపట్నం వచ్చేశాడు. పల్లెలో వాళ్ళ వలలు బాగుచేసి బతుకుతున్నాడు.

నీతి

పడిపోవడం తప్పు కాదు. వల తీసేసి పడడం తప్పు.

కాలం మారితే సర్కసే కాదు, ఏదైనా చిన్నదవుతుంది. వందేళ్ళ నాటక సమాజం, నాలుగు తరాల బట్టల కొట్టు, ఊళ్ళో చేనేత సంఘం, తెలుగు మీడియం బడి. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలైన సురభి నాటకాలు ఒకప్పుడు పదుల కొద్దీ బృందాలతో ఊరూరా తిరిగాయి, ఇప్పుడు కొద్ది బృందాలే మిగిలాయి. అందులో ఎవరి పాపమూ లేదు. సర్కస్ విషయంలోనూ చట్టాన్నీ, టీవీనీ, ఫోన్‌నీ తిట్టి లాభం లేదు. జంతువుల్ని వదిలేయమన్న తీర్పు, పిల్లల్ని వదిలేయమన్న తీర్పు రెండూ ధర్మమైనవే. దేన్నయితే హింస మీద నిలబెట్టామో అది కూలడానికి చట్టం దాకా కూడా ఆగకూడదు. కానీ ఆ కూలే రోజుల్లో యజమాని బుద్ధి ఎటు పోతుందన్నదే అసలు పరీక్ష.

ఖర్చు తగ్గించుకునే రోజు వచ్చినప్పుడు మన కత్తెర ఎప్పుడూ కనబడని వాటి మీదికే పోతుంది. బోర్డుకి రంగు వేయిస్తాం, గోడలో చెమ్మ వదిలేస్తాం. పెళ్ళికి అప్పు చేస్తాం, ఆరోగ్య బీమా కట్టడం మానేస్తాం. ఆఫీసులో ప్రచారానికి డబ్బుంటుంది, మరమ్మతు చేసేవాడి జీతానికి ఉండదు. మేనేజర్ అన్న మాట నిజమే, టికెట్ కొన్నవాడు వల చూడ్డానికి రాడు. వల లేదని తెలిస్తే మాత్రం చూడ్డానికి ఒప్పుకోడు. గ్యాలరీలోని ముసలావిడకి తెలిసిన ఈ సంగతి లెక్కలు వేసినవాళ్ళకి తెలియలేదు. పైగా పాత వల రెండుసార్లు ఆపుతుంది. రెండుసార్లు ఆపింది కాబట్టే మూడోసారికి మనల్ని నమ్మించి చంపుతుంది.

ఈ కథలో బిడియస్తుడికీ ఒక పాఠం ఉంది. తక్కువ మాట్లాడడం లోపం కాదు. ముఖాల కోసం వెతకని కంటికే చేతులు కనబడతాయి, ముడులు కనబడతాయి. అయితే మూడో దారం కట్టాక కూడా నోరు విప్పకపోతే, అంతవరకు చేసిన కాపలా అంతా దండగ. జీవితానికి ఒక్క మాటే మాట్లాడండి, పరవాలేదు. ఆ ఒక్కటీ ఎదుటివాడి ప్రాణం మీదికి వచ్చిన రోజున మింగేయకండి.

నోరున్నవాళ్ళకి అంతకంటే పెద్ద పాఠం ఉంది. మాస్టర్ ఆ కుర్రాణ్ణి "గట్టిగా మాట్లాడు" అని ఒక్కసారి కూడా అనలేదు. అతని దారాల లెక్క తనే నేర్చుకుని, పదిమందికీ నేర్పాడు. మన ఇంట్లో, వీధిలో, పనిచేసే చోట ఇలాంటివాళ్ళు తప్పకుండా ఉంటారు. వేరే ఊరి నుంచి వచ్చిన కుర్రాడు, భాష రాని కోడలు, మీటింగులో చివరి కుర్చీలో కూచునే గుమాస్తా. వాళ్ళు చెప్పడం లేదని మనం అనుకుంటాం. చాలాసార్లు వాళ్ళు చెప్పేసే ఉంటారు, మనమే దాన్ని అలంకారం అనుకుని దాటిపోయి ఉంటాం.

కాబట్టి మీ కొట్టో, సంఘమో, సంసారమో కిందికి దిగుతున్న రోజున దేన్ని తగ్గించాలో తేల్చుకునే ముందు ఒక పని చేయండి. అక్కడ అందరికంటే తక్కువ మాట్లాడే మనిషిని పిలిచి, కూచోబెట్టి, ఏది తెగబోతోందో అడగండి. చెప్పిందాకా ఆగండి. తోరణం ఆ తర్వాత అమ్ముకోవచ్చు.